పలక బురదలో ఎనిమిది

ఆ రోజుల్లో మా మార్కాపురంలో ప్రైవేటు స్కూళ్ళు చదువుతో పోటీ పడేవి కావు, ఫ్లెక్సీలతో పోటీ పడేవి. చదువు అందరి దగ్గరా ఒకే పుస్తకంలో ఉంటుంది కనుక దాంతో తేడా చూపించడం కష్టం. అందుకని ఒక స్కూలువాళ్ళు ఫ్లెక్సీ మీద ఈతకొలను వేయించారు (ఆ స్కూల్లో తాగే నీళ్ళు కూడా ట్యాంకరులో వచ్చేవి). ఇంకో స్కూలువాళ్ళు గుర్రం వేయించారు. గుర్రం ఏదని తల్లిదండ్రులు అడిగితే మేతకు పోయిందని చెప్పేవాళ్ళట. అది నిజమో, మా స్టాఫ్ రూములో పుట్టిన మాటో, నేను పూచీ పడలేను. మా కరస్పాండెంటు మాత్రం స్కేటింగ్ వేయించాడు. ఇప్పుడు నలభై దాటి, కింద కూర్చోవాలంటే ముందు మోకాళ్ళను అడగాల్సిన వయసులో వెనక్కి చూసుకుంటే, నా బతుకు మలుపు తిరిగింది ఆ ఫ్లెక్సీ దగ్గరే. ఈ ఊళ్ళో నన్ను ఇప్పటికీ సగంమంది స్కేటింగ్ సార్ అనే పిలుస్తారు. నేను చెప్పేది లెక్కలు. కాళ్ళకు స్కేట్లు కట్టుకుని ఒక్క అడుగు వేసిన పాపాన పోలేదు.

మాది కొమరోలు దగ్గర పల్లె. మా నాయన, అమ్మ కూలి పనులకు వెళ్ళేవాళ్ళు. ఆదివారం మాత్రం ఇస్త్రీ బట్టలు వేసుకుని చర్చికి వెళ్ళేవాళ్ళు. నేను గిద్దలూరులో డిగ్రీ చదివాను. మా ఇంట్లో అదే మొదటి డిగ్రీ కావడంతో, దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు. మా మేనమామకు మాత్రం తెలుసు. ఆయన బోరు లారీ మీద డ్రిల్లరు. ఎండలు ముదిరే వేళకు ఆ లారీ ఉత్తరాదికి బయల్దేరి, వానలు పడ్డాకగాని తిరిగొచ్చేది కాదు. "డిగ్రీ చదివినోడు గదా, ఎన్నడుగులు దిగిందో రాసుకుంటా ఉంటాడు. నాతో బండెక్కియ్యి బావా" అన్నాడు మా నాయనతో. ఒకసారి సెలవుల్లో పెద్దారవీడు దగ్గర ఆ లారీతో ఒక రోజు ఉన్నాను. ఆ మోత, ఆ పొగ, బోరులోంచి పైకి ఎగజిమ్మే ఆ బూడిదరంగు బురద. ఇంటికొచ్చాక చెవుల్లోంచి ఆ బురద కడుక్కోవడానికే నాకు వారం పట్టింది. దేన్నైనా భరిస్తాను గాని ఆ లారీ ఎక్కనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే ఎవరూ అడగలేదు.

"వచ్చే ఎండాకాలం బండి బయల్దేరే లోపల ఏదన్నా నికరమైన ఉద్యోగం చూసుకో. లేదంటే మామ వెంట పో" అని నాయన గడువు పెట్టాడు. నేను సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని మార్కాపురం వచ్చి పడ్డాను. కరస్పాండెంటు నా సర్టిఫికెట్లు చూడలేదు. నన్ను నిలబెట్టి పైనుంచి కిందికి చూశాడు.

"లెక్కలు చెప్తావు, సరే. స్కేటింగ్ కూడా నువ్వే చూసుకో" అన్నాడు.

"నాకు రాదు సార్."

"ఎవరికి వచ్చయ్యా ఈ ఊర్లో? నువ్వు సన్నంగ ఉండావు. మన ఫ్లెక్సీలో అమ్మాయి కూడా సన్నంగనే ఉంది. సరిపోయింది."

ఆ ఫ్లెక్సీ సంగతి తర్వాత తెలిసింది. ఈయన ఫ్లెక్సీ దుకాణానికి వెళ్ళి 'స్కేటింగ్ బొమ్మ ఒకటి వెయ్' అన్నాడు. కాళ్ళకు చక్రాలు కట్టుకుని రోడ్డు మీద పరిగెత్తే పిల్లలు ఈయన మనసులో ఉన్నారు. దుకాణంలో కుర్రాడు నెట్‌లో మొదట దొరికిన బొమ్మ దించాడు. తెల్లటి మంచు, వెనక కొండలు, కుచ్చుల గౌను వేసుకున్న ఒక దొరసాని ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు తలకంటే ఎత్తుకు లేపింది. కింద 'ఫిగర్ స్కేటింగ్' అని అదే బొమ్మతో పాటు వచ్చిన అక్షరాలు. ఈ బొమ్మ దోర్నాల రోడ్డు మీద వేలాడిన రోజు నుంచీ తల్లిదండ్రులు వచ్చి అదే కావాలన్నారు. మా దగ్గర స్కూళ్ళలో ఇదో పద్ధతి. సిలబస్‌ను బట్టి ఫ్లెక్సీ వేయరు, ఫ్లెక్సీ ఏం చెబితే సిలబస్ దాని వెనకాల నడవాలి.

స్కేట్లు విజయవాడ నుంచి వస్తాయన్నాడు. (మా స్కూల్లో లైబ్రరీ బీరువా, కంప్యూటర్లు, సైన్సు ల్యాబు అస్థిపంజరం అన్నీ విజయవాడ నుంచి వస్తూనే ఉండేవి.) "వచ్చేదాకా పిల్లకాయలకు థియరీ చెప్పు. యానివర్సరీ నాటికి మాత్రం స్కేటింగ్ కనపడాల. కనపడిందా, నువ్వు పర్మనెంటు. లేదంటే నీ దోవ నీది, నా దోవ నాది" అన్నాడు. యానివర్సరీ ఎండలు మొదలయ్యాక పెడతారు. మామ లారీ బయల్దేరేదీ సరిగ్గా అప్పుడే. ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే అమ్మ ఆదివారం చర్చిలో ప్రార్థన మనవి పెట్టింది. పాస్టరు గారికి నా ఉద్యోగం ఏమిటో ఎంత వివరించినా అర్థం కాక, చివరికి సంఘమంతా వినేలా, "ప్రభువా, జారే ఉద్యోగంలో ఉన్న మా తమ్ముణ్ణి జారిపోకుండా కాపాడు" అని ప్రార్థించారు. సంఘం ఆమెన్ అంది. ఆ ప్రార్థన సగమే ఫలించింది, ఆ సంగతి ముందుముందు వస్తుంది.

థియరీ చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా. సాయంత్రాలు బస్టాండు దగ్గర నెట్ సెంటరులో కూర్చుని, పక్క క్యాబిన్‌లో రైల్వే పరీక్షల రిజల్ట్స్ చూసుకునేవాళ్ళ ఏడుపుల మధ్య, ఫిగర్ స్కేటింగ్ చరిత్ర చదివాను. చదివేకొద్దీ ఆశ్చర్యం వేసింది. వేల ఏళ్ళ కిందట ఉత్తరాది చలిదేశాల్లో జనం గొడ్ల కాలి ఎముకలు పాదాలకు కట్టుకుని, చేత కర్ర పట్టుకుని, గడ్డకట్టిన చెరువుల మీద జారుకుంటూ పోయేవాళ్ళట. ఇది చెప్పిన మర్నాడు సగం క్లాసు ఎముకలు తెచ్చింది. మా పిల్లల్లో గొర్రెలు, మేకలు మేపేవాళ్ళ బిడ్డలు చాలామంది. సరుకుకు కొదవ లేదు. ఒకడు ఊరి బయటినుంచి ఆవు కాలి ఎముక భుజాన వేసుకొచ్చాడు, వాడి వెనక ఒక కుక్క వచ్చింది. ఆ కుక్క బెల్లు కొట్టేదాకా కదలకుండా థియరీ వింది. కరస్పాండెంటు నన్ను గదిలోకి పిలిచి, "థియరీ అంటే మాట అయ్యా, వస్తువు గాదు" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

తర్వాత ఇంకోటి చెప్పాను. చలికాలం ఒలింపిక్స్ అనేవి ఇంకా పుట్టకముందే, మామూలు ఒలింపిక్స్‌లో, అంటే పరుగుపందేలూ ఈతలూ ఉండే ఎండాకాలం ఒలింపిక్స్‌లోనే, ఈ స్కేటింగ్ పెట్టేశారని. మార్కాపురం పిల్లలకు ఎండాకాలం ఏమిటో బాగా తెలుసు కనుక క్లాసంతా నన్ను జాలిగా చూసింది. "ఎండాకాలంలో ఐసు నిలుస్తాదా సార్?" అని అడిగింది ఒక పిల్ల. ఈ పిల్ల అమ్మానాన్నలిద్దరూ పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. ఎవరేం చెప్పినా 'అయితే ఏంది సార్' అని మొదలుపెట్టేది కాబట్టి స్టాఫ్ రూములో ఆమెకు 'అయితేఏంది' అనే పేరు స్థిరపడిపోయింది. మిషన్లు పెట్టి లోపల ఐసు చేశారమ్మా అన్నాను. అంతకుముందు, మిషన్లతో ఐసు చేయడం చేతగాని రోజుల్లో, లండన్‌లో పందికొవ్వులో ఏవో ఉప్పులు కలిపి నేలమీద పరిచి, దానిమీదే జారేవాళ్ళనీ, ఆ కంపు భరించలేక జనం రావడం మానేశారనీ కూడా చెప్పాను. అయితేఏంది లేచి నిలబడింది.

"అయితే ఏంది సార్, ఐసే కావాలని లేదు గదా? పలక బురద చాలదా?"

చేతిలో సుద్దముక్క బల్లమీద పెట్టి, కిటికీలోంచి వెనక్కి చూశాను. మా స్కూలు వెనక మూతబడిన పలకల షెడ్డు ఒకటి ఉండేది, కరస్పాండెంటు బావమరిదిది. పలకరాయిని నీళ్ళు పోస్తూ మిషను మీద కోస్తారు. అప్పుడు వచ్చే నల్లటి బురద సబ్బుకంటే జారుతుంది. షెడ్డులో సిమెంటు నేల ఉంది, మూలల్లో ఎండిన పలకపొడి గుట్టలు గుట్టలుగా ఉంది. పొడి పరిచి నీళ్ళు చల్లితే చాలు. ఇక కాళ్ళకు ఏమిటన్నది ప్రశ్న. రకరకాలుగా చూశాక తేలిందేమంటే, అడుగు పూర్తిగా అరిగి నున్నగా అయిపోయిన హవాయి చెప్పులను మించింది లేదు. దాంతో క్లాసులో ఉన్నట్టుండి లోకం తలకిందులైంది. కొత్త చెప్పులవాళ్ళు అడుగు కదపలేక నిలబడిపోతే, పెద్దన్న తొడిగి వదిలేసినవి చిన్నన్న తొడిగి, వాడు వదిలేసినవి తొడుక్కొచ్చిన వాళ్ళు గాల్లో తేలిపోయారు. బజారులో బట్టల దుకాణం ఉన్న ఒక తండ్రి పోట్లాటకు వచ్చాడు. "అరిగిపోయిన చెప్పులు తెమ్మన్నారంట. యాడ తెచ్చేది సార్? మా ఇంట్లో ఎవురూ అంత నడవరే!" అన్నాడు. కరస్పాండెంటు తడుముకోకుండా, "అది ఇంటర్నేషనల్ సిస్టమ్ అన్నా, మనం మార్చలేం" అని పంపించాడు. ఆ తండ్రి చివరికి తన దుకాణం గుమస్తా దగ్గర చెప్పులు మార్చుకుని కొడుక్కి ఇచ్చాడు. కొత్త చెప్పులతో ఆ గుమస్తా చాలాకాలం సంతోషంగా తిరిగాడు.

ఇంతకీ ఏం నేర్పాలి? ఎగరడాలు, గిరగిరా తిరగడాలు నా వల్ల కావు. ఇక్కడే చరిత్ర నన్ను ఆదుకుంది. దీన్ని ఫిగర్ స్కేటింగ్ అని ఎందుకంటారంటే, అసలు మొదట్లో ఇందులో ఆటకంటే గీతే ముఖ్యం. ఒంటికాలి మీద జారుతూ మంచు మీద బొమ్మ గీయాలి. అన్నిటికీ మూలం ఎనిమిది అంకె. ఒక కాలితో ఒక సున్నా, రెండో కాలితో ఇంకో సున్నా, గీసిన గీత మీదే మళ్ళీ గీయాలి, పక్కకు పోకూడదు. గీసినవాడు పక్కకు తప్పుకుంటాడు. జడ్జీలు మంచు మీదికి వచ్చి, వంగి, ఒక్కోసారి మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గీతను పరీక్షగా చూసి మార్కులు వేస్తారు. చాలాకాలం సగానికి పైగా మార్కులు ఈ గీతలకే. నేను ఈ ముక్క చెప్పి ముగించకముందే, "అంటే పలక మీద రాసినట్టే గదా సార్!" అని క్లాసంతా అరిచింది. దేశానికంతా పలకలు కోసి పంపిన ఊరు మాది. ఇక్కడి పిల్లలకు నల్లటి పలక మీద ఎనిమిది దిద్దడం ఎవరూ నేర్పనక్కర్లేదు, బలపం బదులు కాలు అంతే.

ఒక్క చిక్కు వచ్చింది. ఆడపిల్లలు వద్దన్నాడు కరస్పాండెంటు. పడితే బాగుండదన్నాడు. అందరికంటే బాగా జారేది అయితేఏందే. ఆ పిల్ల నేరుగా ఆయన గదిలోకి వెళ్ళింది, నన్ను కూడా లాక్కెళ్ళింది.

"అయితే ఏంది సార్, ఆడపిల్లలు రాగూడదని రూల్సులో ఉందా?"

"రూల్సు యాడున్నాయమ్మా మనకు?"

"లేవు గదా. లేకుంటే రావచ్చు. మన సారే చెప్పినాడు."

కరస్పాండెంటు నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. నిజమే, నేనే చెప్పాను. వెనకటికి ప్రపంచ పోటీలకు మగవాళ్ళే వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు రాకూడదని ఎవరూ రాసిపెట్టలేదు, వస్తారని ఎవరికీ తోచలేదు గనుక. అది చూసుకుని ఇంగ్లండు ఆవిడ ఒకామె పేరిచ్చి, మగవాళ్ళందరిలో రెండో స్థానం కొట్టింది. పెద్దలు కంగారుపడి, పొడుగు గౌను వల్ల పాదాలు కనపడవని సాకు చెప్పి, ఆడవాళ్ళు రాకూడదని అప్పుడు రూలు రాశారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు విడిగా ఆడవాళ్ళ పోటీ పెట్టక తప్పలేదు. ఇదంతా ఆ పిల్ల ఆయనకు పాఠంలా ఒప్పజెప్పి, "మన ఫ్లెక్సీలో ఉన్నదీ ఆడమనిషే సార్" అని ముగించింది. ఫ్లెక్సీ మాట ఎత్తాక మా స్కూల్లో అప్పీలు లేదు.

యానివర్సరీ రోజు రానే వచ్చింది. షెడ్డుకు మామిడి తోరణాలు కట్టి, నేలమీద పలకపొడి నున్నగా పరిచి, నీళ్ళ బకెట్లు సిద్ధం చేశాం. మధ్యాహ్నం కాగానే కాంపౌండు గోడ అవతల పెద్ద శబ్దం చేస్తూ ఏదో వచ్చి ఆగింది. చూడకుండానే నాకు తెలిసిపోయింది. మామ లారీ. బోరులోకి రాడ్లు దించే దాని ఇనుప బూమ్ గోడమీది నుంచి తొంగిచూస్తూ ఉంది. ఆ సాయంత్రమే ప్రయాణం. మామ, నాయన దిగి లోపలికి వచ్చారు. "నీ బ్యాగు క్యాబిన్లో పెట్టినాను. ముందుజాగర్త" అన్నాడు నాయన. మామ షెడ్డు నేల చూసి, "ఏందిరా అల్లుడూ, బోరు వేసినారా?" అని అడిగాడు. స్కేటింగ్ మామా అన్నాను. ఆయన కాలివేలితో ఆ పొడిని ఒకసారి గీకి చూశాడు. వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. నా ఉద్యోగం నిలవాలంటే ఆ సాయంత్రం స్కేటింగ్ కనపడాలి. లేకపోతే రాత్రికి నేను ఆ గోడ అవతల ఉంటాను.

అప్పుడు మా కరస్పాండెంటు, నాతో ఒక్కమాట చెప్పకుండా, ఐసు తెప్పించాడు. "ఫ్లెక్సీలో ఐసు ఉందయ్యా. చూసేటోళ్ళు అడుగుతారు" అన్నాడు. ట్రాలీ ఆటోలో ఊక అంటుకున్న ఐసు దిమ్మలు, పెళ్ళిళ్ళకూ చేపల బజారుకూ వెళ్ళేలాంటివి, తెచ్చి నేను నున్నగా పరిచిన పొడి మీద వరసగా పేర్చారు. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. వాటి మధ్య సందుల్లో కాలు ఇరుక్కుంటుంది. వాటి మీద పిల్లలు కాదు గదా, ఎముకలు కట్టుకున్న ఆ పాతకాలపువాళ్ళు కూడా నిలబడలేరు. ఒకటో తరగతి పిల్లలు రాయి పుచ్చుకుని అంచులు కొట్టి చప్పరించడం మొదలుపెట్టారు. నేను ఒక మూల నిలబడి లారీ బూమ్ వైపు చూస్తూ ఉండిపోయాను. అయితేఏంది వచ్చి నా పక్కన నిలబడింది కాని, జీవితంలో మొదటిసారి ఏమీ అనలేదు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

ముఖ్య అతిథి ఒక నాయకుడు. నాయకుడు కనుక ఆలస్యంగా వచ్చాడు. ఎంత ఆలస్యమంటే, స్వాగతగీతం పిల్లలు రెండుసార్లు ప్రాక్టీసు చేసి, మూడోసారి అలిగి మానేసేంత. రేకుల షెడ్డు, మా ఊరి ఎండ. ఐసు దిమ్మలు ముందు గుండ్రబడ్డాయి, తర్వాత సన్నబడ్డాయి, తర్వాత కనపడకుండా పోయాయి. ఆయన తెల్లచొక్కా తెల్లపంచెతో వచ్చి కుర్చీలో కూర్చునే వేళకు, కరిగిన నీళ్ళు పలకపొడిలో ఇంకి, చల్లగా, నల్లగా, అద్దంలాంటి బురద తయారై ఉంది. ఇన్ని నెలల్లో బకెట్లతో నేను ఎంత ప్రయత్నించినా అంత బాగా రాలేదు. నాయకులు ఆలస్యంగా రావడం వల్ల ఊరికి జరిగిన మేలు ఏదైనా ఉంటే అది ఇదే.

పిల్లలు దిగారు. అరిగిన చెప్పులతో, ఒంటికాలి మీద, చేతులు రెండువైపులా చాచి, ఒకరి తర్వాత ఒకరు ఎనిమిదులు గీశారు. చప్పుడు లేదు, పాట లేదు. జనానికి మొదట ఏం జరుగుతున్నదో తెలియలేదు. చివరగా అయితేఏంది వచ్చింది. ఆ పిల్ల గీసిన ఎనిమిది ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. గీత మీద గీత, ఆ గీత మీద మళ్ళీ గీత, వెంట్రుకంత కూడా బయటికి పోలేదు. గీసి, పక్కకు వచ్చి, మైకు తీసుకుని, నాతో చెప్పకుండా, "ఇప్పుడు జడ్జీగారు మోకాళ్ళ మీద కూర్చొని గీతలు చూస్తారు. అంతర్జాతీయ పద్ధతి" అని ప్రకటించి, ముఖ్య అతిథి వైపు చెయ్యి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతమంది ఓటర్ల ముందు అంతర్జాతీయ పద్ధతిని కాదనడం ఏ నాయకుడి వల్లా కాదు. ఆయన చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, జాగ్రత్తగా నాలుగడుగులు వేసి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కెమెరా మెరిసింది. అంతవరకూ బాగానే ఉంది. లేవడమే కుదరలేదు.

ఒక మోకాలు ఎత్తితే రెండోది పోతుంది. చెయ్యి ఆనిస్తే చెయ్యి పోతుంది. ఆయన వెంట వచ్చిన మనిషి పరిగెత్తుకెళ్ళి ఆయన పక్కన పడ్డాడు. మా కరస్పాండెంటు పరిగెత్తి వాళ్ళిద్దరినీ దాటుకుని పోయి అవతలి గోడ దగ్గర ఆగాడు. స్కేటింగ్ సారును కదా, అందరూ నా వైపు చూశారు. నేను ధైర్యంగా అడుగుపెట్టాను. రెండో అడుగు నేను పెట్టలేదు, అదే పోయింది. వెల్లకిలా పడి చూస్తే రేకులకు కట్టిన రంగు కాగితాలు కనపడ్డాయి. పాస్టరు గారి ప్రార్థన సగమే ఫలించిందన్నాను చూడండి, అది ఇదే.

అప్పుడు వెనక వరసలోంచి మామ లేచాడు. లుంగీ మడిచి కట్టి, ఏ తొందరా లేకుండా, సొంత ఇంటి వాకిట్లో నడిచినట్టు ఆ బురదలోకి నడిచి వచ్చాడు. ఏళ్ళ తరబడి రోజంతా బోరు బురదలో నిలబడ్డ మనిషికి ఇదొక లెక్క కాదు. నాయకుడి చంకల కింద చేతులు వేసి, "మడమ మీద బరువెయ్యొద్దు సార్. వేళ్ళు, కాలివేళ్ళు నాటాల" అంటూ నిలబెట్టాడు. నిలబడ్డ ఊపుకు ఇద్దరూ జారారు. మామ ఆయన్ను వదల్లేదు. ఒకరినొకరు పట్టుకుని, ఒక పెద్ద చుట్టు చుట్టి, ఎక్కడా పడకుండా, నిదానంగా బురద అంచు దగ్గరికి వచ్చి ఆగారు.  మైకు ఇంకా అయితేఏంది చేతిలోనే ఉంది. "ఇది జంట స్కేటింగ్" అని చెప్పింది. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

నాయకుడు బురద మోకాళ్ళతో నిలబడి వెనక్కి తిరిగి చూశాడు. కరస్పాండెంటు చేతులు కట్టుకున్నాడు. నేను లేచి గోడకు ఆనుకున్నాను. నా ఉద్యోగం ఆయన నోట్లో ఉందని నాకు తెలుసు. "ఆ పాప ఎనిమిది బాగుంది" అన్నాడు చివరికి. "పై సున్నా కొంచెం చిన్నది. నేను చిన్నప్పుడు పలక మీద ఎనిమిది రాయలేక ఎన్ని తన్నులు తిన్నానో" అని గట్టిగా నవ్వాడు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఆయన మోకాళ్ళ మీద కూర్చున్న ఫోటో పడింది, ఆ ఏడు అడ్మిషన్లు పోటెత్తాయి. కాని ఆ సాయంత్రమే కరస్పాండెంటు నా బురద చెయ్యి పట్టుకుని ఊపి, "సిస్టమ్ బాగుందయ్యా. పర్మనెంటు" అన్నాడు.

అయినా నాయన మెత్తబడలేదు. ప్రైవేటు స్కూలు పర్మనెంటు ఏం పర్మనెంటని ఆయన అనుమానం. "బండెక్కేది నికరమైన పని. రారా" అన్నాడు. గోడ అవతల హారను మోగింది. మామ వెళ్ళి క్యాబిన్లోంచి నా బ్యాగు తెచ్చి నా చేతికిచ్చాడు.

"వీడు మనకొద్దులే బావా" అన్నాడు. "బురదలో రెండడుగులు ఎయ్యలేనోడు బండి మీద ఏం జేస్తాడు? ఈడనే ఉండనీ. ఈడ పడితే నవ్వుతారు. ఆడ పడితే రాడ్డు కింద పడతాడు."

నాయన బస్టాండు వైపు నడిచాడు. లారీ కదిలింది. నేను ఆ లారీ అంటే ఎంత భయపడ్డానో మామకు మొదటినుంచీ తెలుసునేమోనని అప్పుడనిపించింది. అడగాలనుకున్నాను. ఆయన వానలు పడ్డాక తిరిగొచ్చేసరికి అడగడం మరిచిపోయాను, తర్వాత ప్రతి ఏడూ అలాగే జరిగింది.

కొన్నేళ్ళకు ఫోన్లోకి నెట్ వచ్చాక ఇంకో సంగతి తెలిసింది. నేను పిల్లలకు ఎనిమిదులు నేర్పడానికి చాలా ముందే, ఆ గీతల పోటీలను ప్రపంచమంతా ఎత్తేసింది. టీవీలో చూసేవాళ్ళకు అర్థం కాలేదట, చూడ్డానికి జనం రాలేదట. అంటే లోకం వదిలేసిన విద్యను చివరిదాకా శ్రద్ధగా నిలబెట్టింది మార్కాపురంలో మేమేనన్నమాట. అప్పటికి ఇంటరు చదువుతున్న అయితేఏందికి చెప్పాను. "అయితే ఏంది సార్, మన షెడ్డులో ఎత్తెయ్యలేదు గదా" అంది. ఇప్పుడామె ఒంగోలులో నర్సు. ఈమధ్య ఒకరోజు డ్యూటీ మధ్యలో ఫోను చేసి, "సార్, స్కేటింగ్‌లో వెనక్కి పల్టీ కొట్టే ఎగురుడును ఎన్నో ఏళ్ళు బ్యాన్ చేసి పెట్టినారంట, ఇప్పుడు పర్మిషన్ ఇచ్చినారంట. చూసినారా?" అని అడిగింది. చూశానమ్మా అన్నాను. నిజానికి ఫోను పెట్టేశాకే చూశాను. విజయవాడ నుంచి స్కేట్లు మాత్రం ఇంకా రాలేదు.

మొన్న మొదటి వాన పడిన రోజు పాత షెడ్డు పక్కగా వెళ్తున్నాను. రేకులు సగం ఎగిరిపోయాయి, నేలమీద నల్లటి తడి. నా కాళ్ళకు బాగా అరిగిన చెప్పులు (మా ఆవిడ పారేస్తే మళ్ళీ తెచ్చుకున్నవి). చుట్టూ చూశాను, ఎవరూ లేరు. ఒక కాలు ఎత్తి, చేతులు చాచి, జారాను. ఎనిమిదిలో కింది సున్నా వచ్చింది, పైది రాలేదు. పద్ధతి పద్ధతే కదా అని మోకాళ్ళ మీద కూర్చుని గీత పరీక్షించాను. గీత బాగానే ఉంది. లేవబోతే మోకాలు లేవలేదు, చెయ్యి ఆనిస్తే చెయ్యి జారింది. వెనక వరస వైపు చూశాను, అలవాటు కొద్దీ. అక్కడ వరస లేదు, మామ లేడు. మామ పోయాక ఆయన ఇంత గుర్తుకొచ్చింది ఆ రోజే. కొంచెంసేపు ఆ బురదలో అలాగే కూర్చుని, మడమ మీద బరువు వేయకుండా, కాలివేళ్ళు నాటి, నెమ్మదిగా లేచాను.